అన్న అర్జీ, యిర్మీయా పొలం

"అంతా దేవుని చిత్తం, మనమేం చేస్తాం" అనే ఓదార్పు మా ఇంట్లో ఎవరికీ పడదు. అందరికంటే ఎక్కువ అమ్మకు పడదు. అమ్మకు చదువు రాదు. బైబిల్ కీర్తనలు మాత్రం వినీ వినీ నోటికొచ్చాయి. ఎవరైనా ఇంటికొచ్చి ఆ మాట అంటే వాళ్లు పోయేదాకా ఊరుకుంటుంది. తర్వాత నాతో అంటుంది: "దేవుని మీదికెందుకు నూకుతరు బిడ్డా? జేసింది మనుషులు. దేవుడు లెక్క రాసుకుంటుండు."

ఆ నమ్మకం మీదనే మా కుటుంబం నలభై ఏళ్లకు పైగా నెట్టుకొచ్చింది. ఈ మధ్య ఒక కొత్త రిజర్వాయర్ కింద ఇల్లు పోయిన చెల్లె ఒకామె మా స్కూలుకు వచ్చింది, పిల్లవాణ్ని చేర్పించడానికి. మాటల్లో మా ఊరు కూడా డ్యాం కింద పోయిన సంగతి తెలిసి అడిగింది: "మేడం, మీరు అప్పట్ల ఎట్ల తట్టుకున్నరు?" బెల్లు కొట్టారు, క్లాసుకు పోవాల్సి వచ్చింది. ఆమెకు చెప్పాలనుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

మాది కృష్ణ ఒడ్డున, కొల్లాపూర్ వైపు ఊరు. ఇప్పుడు శ్రీశైలం డ్యాం నీళ్ల కింద ఉంది. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాజెక్టు అది. నీళ్లు నిండుగా నిలిచే మట్టం 885 అడుగులు. ఆ అంకె మా ఊళ్లో చదువురాని ముసలోళ్లకు కూడా తెలుసు, ఎందుకంటే ఎవరి ఇల్లు ఉంటుంది, ఎవరిది పోతుంది అనేది దానితోనే తేలింది. అప్పటి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కలిపి వందకు పైగా ఊళ్లు, లక్షకు పైగా జనం కదలాల్సి వచ్చింది. 1981 జూన్‌లో పోలీసులను దింపి ఊళ్లు ఖాళీ చేయించారు.

నేనప్పుడు చిన్నపిల్లను. నాకు బాగా గుర్తున్నది నాయన దర్వాజ ఊడదీయడం. తాత చేయించిన వేపకర్ర దర్వాజ. గోడ కూలగొట్టనిదే అది రాదు. గోడ కూలితే ఇల్లు పోయినట్టే. నాయన గడ్డపార పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత ఒక పక్క నుంచి మెల్లగా మట్టి తవ్వడం మొదలుపెట్టాడు, కర్రకు దెబ్బ తగలకుండా. ఆ దర్వాజ ఇప్పటికీ కాలనీ ఇంటికి ఉంది. కింద చెదలు తిన్న చోట అన్న సిమెంటు పూశాడు. చర్చిలో గంటకు బదులు వేలాడదీసిన రైలు పట్టా ముక్కను కూడా బండిలో వేసుకొచ్చారు మావాళ్లు.

ఆ ప్రాజెక్టు కిందనే కృష్ణ ఒడ్డు గుళ్లను కూడా తరలించారు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికి నంబరు వేసి విప్పి, అలంపూర్‌లో మళ్లీ నిలబెట్టారు. జటప్రోలు గుళ్లు కూడా పైకి వచ్చాయి. అలంపూర్ పోయినప్పుడల్లా ఆ గుడి చుట్టూ తిరిగి చూస్తాను. అంత పాత పనితనాన్ని నీళ్ల పాలు కానీయకుండా కాపాడినవాళ్లకు దండం పెట్టాలి. మనుషులను కూడా అట్లా, ఏ ఇంటి పక్కన ఏ ఇల్లో రాసుకుని, ఒకచోట నిలబెట్టి ఉంటే ఎంత బాగుండేది! మావాళ్లు తలా ఒక ఊరికి చెదిరిపోయారు.

నాయనకు ఉన్నది లావణి పట్టా భూమి, అంటే సర్కారు సాగుకు ఇచ్చిన భూమి, ఒడ్డు మీద నల్లరేగడి. జొన్న, శనగ పండేది. ఏట్లో నీళ్లు తగ్గాక ఇసుకలో దోస, పుచ్చ తీగలు పెట్టేవాళ్లు. పరిహారం పట్టా కాగితంలో ఉన్నదానికే వచ్చింది. ఇసుకలో పండించుకున్నదానికి కాగితం ఎక్కడిది? ఆ వచ్చింది కూడా విడతలుగా వచ్చి అప్పులకు, కొత్త గోడలకు, ఆఫీసుల చుట్టూ తిరగడానికి సరిపోయింది. భూమి లేని కూలీలకు అదీ లేదు.

కాలనీ వేసింది రాళ్ల నేల మీద. బోరు నీళ్లు ఉప్పగా ఉండేవి, పప్పు ఉడికేది కాదు. పుట్టినప్పటి నుంచి ఏటికి పోయి బిందె ముంచుకొచ్చుకున్న అమ్మ, ఇక్కడ బండి మీద తెచ్చి అమ్మే నీళ్లను బిందెకింతని కొన్నది. కట్టెల మోపు కొనడం కూడా ఆమెకు అప్పటిదాకా తెలియదు.

ఒక ఆదివారం చర్చిలో పాస్టరు అయ్యగారు బైబిల్లోని విలాపవాక్యములు అయిదో అధ్యాయం చదివారు. యెరూషలేము పడిపోయాక మిగిలినవాళ్లు దేవునికి మొరపెట్టుకునే అధ్యాయం అది. మా స్వాస్థ్యం, అంటే తాతల నాటి ఆస్తి, పరాయివాళ్ల పాలైంది, మా నీళ్లను మేమే పైసలిచ్చి తాగుతున్నాం, మా కట్టెలను వెలకు తెచ్చుకుంటున్నాం అని ఏడుస్తారు అందులో. చాప మీద కూర్చున్న అమ్మ ఉన్నట్టుండి గట్టిగా అన్నది: "అయ్యగారూ, గిది మన కాలనీ ముచ్చట గాదా?" ప్రసంగం మధ్యలో ఆడవాళ్లు మాట్లాడడం అప్పట్లో లేదు. ఎవరూ ఏమీ అనలేదు. అయ్యగారు ఆ వచనాన్ని మళ్లీ మొదటి నుంచి చదివారు.

ఆ రోజు అమ్మకు ఏం దొరికిందో నాకు పెద్దయ్యాక అర్థమైంది. రెండున్నర వేల ఏళ్ల కిందట బబులోను సైన్యం చేతిలో ఊరు పోగొట్టుకున్నవాళ్లు, గుడి కాలిపోయిన దుఃఖంతో పాటు, నీళ్లకు పైసలు కట్టే బాధ కూడా దేవునికి చెప్పుకున్నారు. ఇదొక పెద్ద విషయమా అని ఎవరూ కొట్టిపారేయలేదు. లేఖనంలో రాసి పెట్టారు. అంటే బిందె నీళ్ల అన్యాయం కూడా పైన నమోదవుతుంది. ఆ ఆదివారం తర్వాత అమ్మ ప్రార్థనలు మారిపోయాయి. "అందరినీ చల్లగా చూడు తండ్రీ" అని ఊరుకునేది కాదు. ఏ నెల ఎంత ఖర్చయింది, ఏ ఆఫీసులో ఎవరు ఏమన్నారు, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పేది.

అన్న చిన్న వయసులోనే గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని పూణె వైపు పోయాడు. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. డ్యాములు, కాలువలు, రోడ్లు, అపార్ట్‌మెంట్లు, ఎక్కడ మట్టి పని ఉంటే అక్కడ మావాళ్లు. డ్యాం కింద ఊరు పోయిన మా అన్న ఇంకెక్కడో డ్యాం పనికి తట్ట మోశాడు. ఆ పని వల్ల ఎవరి ఊరు పోయిందో అని అప్పుడప్పుడూ అంటాడు. ఇట్లా పోయేవాళ్ల కోసం 1979లోనే అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది. అన్న పని చేసిన చోట ఆ చట్టం పేరు ఎత్తినవాళ్లు లేరు. ఒక ఏడాది మేస్త్రీ లెక్క చూపించకుండా పైసలన్నీ ఎగ్గొట్టాడు. అన్న ఉత్త చేతులతో ఇంటికొచ్చాడు. ఆ రాత్రి మూలకున్న గొడ్డలి వైపు చూస్తూ కూర్చున్నాడు. అమ్మ గొడ్డలి దాచలేదు, అన్నను బతిమిలాడలేదు. నన్ను దీపం దగ్గర కూర్చోబెట్టి 137వ కీర్తన చివరిదాకా చదవమన్నది.

బబులోను నదుల దగ్గర కూర్చుని సీయోనును, అంటే తమ యెరూషలేమును, తలచుకుని ఏడ్చినవాళ్ల కీర్తన అది. మొదటి భాగం అందరికీ ఇష్టం. చివరి వచనాలు వచ్చేసరికి చాలా చర్చిల్లో ఆపేస్తారు. బబులోను పసిపిల్లలను బండకు వేసి కొట్టేవాడు ధన్యుడు అని ఉంటుంది అక్కడ. రాయడానికే చెయ్యి ఆడదు. అయినా ఆపొద్దంటాను నేను. అంత కోపం వాళ్ల గుండెల్లో నిజంగా ఉంది. దాన్ని వాళ్లు కత్తికి అప్పగించలేదు, దేవునికి అప్పగించారు. పగ తీర్చే పని నాది అని ద్వితీయోపదేశకాండంలో దేవుడు అన్నాడు, రోమీయులకు రాసిన పత్రికలో పౌలు అదే మాట ఎత్తి చెప్పాడు. చాలామందికి అది బెదిరింపుగా వినబడుతుంది. మా అన్నకు ఆ రాత్రి అది నెత్తి మీది తట్ట దించిన మాట. మేస్త్రీని వదిలేయమని కాదు, వాడు చేసింది తప్పు కాదని అసలే కాదు. వాడి లెక్క తేల్చే కుర్చీలో నువ్వు కూర్చోనక్కరలేదు, అక్కడ కూర్చున్నవాడు వేరే ఉన్నాడు అని. అన్న గోడకు ఆనుకుని విన్నాడు. అయిపోయాక "ఇంకోటి చదువు" అన్నాడు. 56వ కీర్తన చదివాను. నా తిరుగుళ్లన్నీ నువ్వు లెక్కపెట్టావు, నా కన్నీళ్లు నీ బుడ్డిలో ఉన్నాయి అని దావీదు దేవునితో అంటాడు అందులో. ఇప్పటికీ పూణె నుంచి ఫోన్ చేసినప్పుడు మనసు బాగాలేకపోతే "ఆ తిరుగుళ్ల కీర్తన చదువు" అంటాడు అన్న.

ఒక సంగతి దాటేసి పోలేను. ప్రవక్త యిర్మీయా కాలంలో యూదులు బబులోనుకు చెర పోవడాన్ని ఆ ప్రజల పాపానికి శిక్ష అని బైబిలే చెబుతుంది. ఆ లెక్కను తెచ్చి మా మీద వేసినవాళ్లున్నారు. మీ ఊళ్లో తాగుబోతులెక్కువ, అందుకే దేవుడు ముంచాడు అని ఒక బోధకుడు సభలో మైకు పట్టుకుని అన్నాడు. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పుట్టు గుడ్డివాణ్ని చూపించి, ఇతను పాపం చేశాడా, కన్నవాళ్లు చేశారా అని శిష్యులు అడిగితే యేసు రెండూ కాదన్నాడు. అన్నీ పోగొట్టుకున్న యోబుకు పాపం అంటగట్టిన స్నేహితుల మీద చివరికి దేవుని కోపం రగిలింది. ఇక నాబోతు సంగతి. అహాబు రాజుకు కూరగాయల తోట కోసం నాబోతు ద్రాక్షతోట కావాల్సి వచ్చింది. పితరుల స్వాస్థ్యం ఇవ్వనన్నాడు నాబోతు. రాణి యెజెబెలు దొంగ సాక్షులను పెట్టి అతన్ని రాళ్లతో కొట్టించి చంపించింది. రాజు తోటను చూసుకోవడానికి పోయేసరికి దేవుడు పంపిన ప్రవక్త ఏలీయా ఎదురొచ్చి నిలదీశాడు. పేదవాడి భూమి పోవడమే దేవుని చిత్తమైతే ఏలీయాను ఆ తోటలోకి ఎందుకు పంపుతాడు?

డ్యాం కట్టొద్దని నేను అనను. కరెంటు లేకపోతే నేను చదువుకునేదాన్నే కాదు. ఇస్తామన్నది ఇవ్వకపోవడం, అడగడానికి పోయినవాళ్లను అడుక్కోవడానికి వచ్చినట్టు చూడడం, ఇదీ నా ఫిర్యాదు. మా పొలాల మీద నిలిచిన కృష్ణ నీళ్లు ఎల్లూరు దగ్గర నుంచి కల్వకుర్తి ఎత్తిపోతల ద్వారా చుట్టుపక్కల చేన్లకు ఎక్కడానికి దాదాపు ముప్పై ఏళ్లు పట్టింది.

కాలనీలో మా ఎదురింట్లో ఒక పెద్దయ్య ఉండేవాడు. పాత ఊళ్లో నాటకాల్లో వేషాలు కట్టేవాడు. సాయంత్రం అరుగు మీద కూర్చుని భారతం చెప్పేవాడు. అరణ్యపర్వంలో ద్రౌపది ధర్మరాజును నిలదీసే ఘట్టం ఆయనకు ఇష్టం. ధర్మం పట్టుకున్న నీకు అడవి, జూదంలో మోసం చేసినవాడికి రాజ్యం, ఇదెక్కడి న్యాయం అని అడుగుతుంది ఆమె. ఫలం కోసం ధర్మం చేసేవాడు ధర్మంతో బేరమాడేవాడు, నేను అట్లా చేయను అంటాడు ధర్మరాజు. పెద్దయ్య ధర్మరాజు జవాబు శాంతంగా చెప్పేవాడు, ద్రౌపది ప్రశ్న దగ్గర మాత్రం గొంతు పూడుకుపోయేది. నేను క్రైస్తవురాలిని, నా నమ్మకం నాది. కానీ ఇల్లు పోయినవాళ్లు దేవుణ్ని అడిగే ప్రశ్న అన్ని ఇళ్లల్లో ఒక్కటే అని ఆ అరుగు మీద తెలిసింది.

యిర్మీయా చెరలో ఉన్నవాళ్లకు ఒక ఉత్తరం రాశాడు, 29వ అధ్యాయంలో ఉంటుంది. రెండేళ్లలో అంతా సర్దుకుంటుందని హనన్యా అనే ప్రవక్త జనానికి తియ్యగా చెప్పాడు. యిర్మీయా మాత్రం డెబ్బై ఏళ్లన్నాడు. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటి పండ్లు తినండి, మిమ్మల్ని తోలిన ఊరి క్షేమం కోసం కూడా ప్రార్థన చేయండి అని రాశాడు. ప్రతి ఎన్నికలకూ మా కాలనీకి ఒక హనన్యా వచ్చాడు. నాయన వాళ్ల మాటలు విని, తల ఊపి, ఇంటి వెనక రాళ్లు ఏరి ఒక బేనిషాన్ మామిడి మొక్క పెట్టాడు. గిన్నెలు కడిగిన నీళ్లు, బియ్యం కడిగిన నీళ్లు దానికే. అది కాపుకు వచ్చేదాకా నాయన ఉన్నాడు. మొదటి కాయలు కాలనీ పిల్లలకు పంచాడు.

వానలు సరిగా లేని ఏడాది ఎండాకాలంలో నీళ్లు బాగా దిగిపోతే మా ఊరు బయటపడుతుంది. ఒకసారి నాయన, నేను పోయాం. ఒండ్రు ఎండి పర్రెలు బారింది. కూలిన గోడల మొదళ్లు, రోళ్లు, ఒక తొట్టి, చింతచెట్టు మొద్దు. ఇళ్ల దగ్గర నాయన ఆగలేదు. నేరుగా చేను వైపు నడిచాడు, ఎక్కడా తడబడలేదు. ఒకచోట కూర్చుని చేతులతో ఒండ్రు గీకడం మొదలుపెట్టాడు. నేనూ కూర్చున్నాను. మోచేతి లోతున హద్దురాయి తగిలింది. నాయన తువ్వాలతో దాన్ని తుడిచి, సర్వే నంబరు పైకి చదివాడు. రాయి మీద ఏమీ రాసి లేదు. ఆయనకు నోటికి వచ్చు.

పొరుగువాడి హద్దురాయి తీసేవాడు శాపగ్రస్తుడని మోషే ధర్మశాస్త్రంలో ఉంది, జనమంతా ఆమేన్ అనాలని కూడా ఉంది. నాయన మాత్రం ఎవరినీ శపించలేదు. లేచి, ఆ రాయి మీద మళ్లీ మట్టి కప్పాడు. పశువులు తొక్కి కదిలిస్తాయని.

నాయనకు బాగా ఇష్టమైన అధ్యాయం యిర్మీయా 32. బబులోను సైన్యం యెరూషలేము చుట్టూ దిగి ఉంది. సిద్కియా రాజు యిర్మీయాను చెరసాల ఆవరణలో పెట్టించాడు. అప్పుడు పినతండ్రి కొడుకు హనమేలు వచ్చి, అనాతోతులో ఉన్న నా పొలం నువ్వు కొనుక్కో అంటాడు. శత్రువు చేతికి పోబోతున్న దేశంలో పొలం! ఎవరు కొంటారు? యిర్మీయా కొన్నాడు. పదిహేడు తులాల వెండి త్రాసులో తూచి ఇచ్చాడు. సాక్షులతో సంతకాలు పెట్టించాడు. ముద్ర వేసిన పత్రం ఒకటి, ముద్ర లేకుండా తెరిచి ఉన్నది ఒకటి, రెండూ అందరి ముందు తన లేఖకుడు బారూకు చేతికిచ్చి, చాలా కాలం పాడవకుండా మట్టి కుండలో పెట్టమన్నాడు. ఈ దేశంలో మళ్లీ ఇళ్లు, పొలాలు, ద్రాక్షతోటలు కొనే రోజు వస్తుందని దేవుడు చెప్పాడు కాబట్టి.

అంతా అయ్యాక యిర్మీయా ప్రార్థనలో అడుగుతాడు: ప్రభువా, పట్టణం శత్రువుల చేతికి పోతుంటే పొలం కొనమన్నావేమిటి? కొన్న తర్వాత అడిగాడు చూడండి. అనుమానం ఉంది, అయినా వెండి తూచేశాడు. విశ్వాసం అంటే లోపల టెన్షన్ లేకపోవడం కాదని నాకు ఆ వచనాల దగ్గరే తెలిసింది. క్రీ.పూ. 586 ప్రాంతంలో యెరూషలేము పడిపోయింది. యిర్మీయాను తర్వాత తనవాళ్లే ఐగుప్తుకు తీసుకుపోయారు. ఆ పొలంలో ఆయన నాగలి పెట్టినట్టు బైబిల్లో ఎక్కడా లేదు. పారసీక రాజు కోరెషు చెరలో ఉన్నవాళ్లను తిరిగి పోనిచ్చింది క్రీ.పూ. 538లో. యిర్మీయా దాన్ని చూడలేదు.

చెల్లె అడిగినదానికి నా దగ్గర ఉన్న జవాబు ఇదే. దేవుని న్యాయం మన ఆయుష్షులోనే తేలాలని లేదు. తేలకపోతే అది లేనట్టు కాదు. కాగితం భద్రంగా ఉంది, సాక్షులున్నారు, ఫైలు మూసే అధికారం ఇక్కడ ఏ ఆఫీసుకూ లేదు. అట్లా అనుకున్నందుకే నాయన మామిడి చెట్టు పెట్టగలిగాడు, అన్న గొడ్డలి ముట్టకుండా ఉండగలిగాడు. మామూలు పనులన్నీ చేసుకుంటూనే అడగడం మానకుండా ఉండగలిగాం. దేవుడు చూసుకుంటాడు కదా అని ఇంట్లో కూర్చోవడం మా అమ్మ దృష్టిలో విశ్వాసం కాదు. లూకా సువార్తలో దేవునికి భయపడని న్యాయాధిపతి చుట్టూ తిరిగి తిరిగి విసిగించి న్యాయం తెచ్చుకున్న విధవరాలు ఉంది కదా, అమ్మ ఆమెను సొంత చెల్లెలిగా చెప్పుకుంటుంది.

1986లో జీవో 98 వచ్చింది. ప్రాజెక్టు కింద ఇళ్లు, భూములు పోయిన కుటుంబంలో ఒకరికి ఉద్యోగం అని. కొందరికి వచ్చాయి. కొల్లాపూర్ వైపు చాలామంది ఇంకా అడుగుతూనే ఉన్నారు. అన్న పెట్టుకున్న అర్జీ ఒక ఆఫీసులో చాలా ఏళ్లుంది. తర్వాత ఫైలు కనబడడం లేదన్నారు. మళ్లీ పెట్టాడు. చివరికి వయసు దాటిపోయింది. నాయన రేకు పెట్టెలో లావణి పట్టా, పహాణి నకలు, శిస్తు రసీదులు, పరిహారం అవార్డు కాపీ అన్నీ ఉన్నాయి. వాటిని ప్లాస్టిక్ కవర్లలో పెట్టి ఒక సెట్టు జిరాక్స్ తీయించాను. ఆ చెల్లెకు కూడా ముందు చెప్పబోయేది అదే: నోటీసు దగ్గర నుంచి ఏ చిన్న చీటీ పారేయకు, నకళ్లు తీయించి ఒకటి పుట్టింట్లో పెట్టు.

ఈ పండుగకు అన్న వస్తున్నాడు. ఉద్యోగం రాని కుటుంబాలకు దానికి బదులు ఏదో ఒకటి లెక్కగట్టి ఇవ్వాలని కొత్త అర్జీ రాశాను. ఈసారి సంతకం నేను పెడతా అత్తా అన్నాడు అన్న కొడుకు. వాడు పుట్టేనాటికే ఊరు నీళ్లలో ఉంది. అమ్మ మంచం మీద నుంచే వాణ్ని పిలిచింది. "ముందుగాల మన సర్వే నంబరు నోటికి చెప్పు, తర్వాత పెట్టు సంతకం."